ఆయిదా మెట్లెక్కిన తర్వాత

‘కో వాడిస్, ఆయిదా?’ మొదటిసారి చూసినప్పుడు చివరి పది నిమిషాలు నాకు నచ్చలేదు. తుపాకుల మోత దగ్గరే సినిమా ఆపేసి ఉంటే బాగుండేదని, తర్వాతిదంతా అనవసరంగా తగిలించిన తోక అని ఒక స్నేహితుడితో గట్టిగా వాదించాను కూడా. ఈమధ్య మళ్ళీ చూశాను. పొరపాటు నాదే. ఆ పది నిమిషాల కోసమే మిగతా గంటన్నర తీశారేమో అనిపించింది. (కథ ముందే తెలియకూడదు అనుకునేవాళ్ళు సినిమా చూసొచ్చి చదవండి.)

యాస్మిలా జ్బానిచ్ 2020లో తీసిన బోస్నియా సినిమా ఇది. కాలం 1995 జూలై, చోటు స్రెబ్రెనిట్సా. 1993లోనే ఐక్యరాజ్యసమితి ఆ ఊరిని ‘సురక్షిత ప్రాంతం’గా ప్రకటించింది. కాపలాకి కొన్ని వందల మంది డచ్ సైనికులున్నారు. రాట్కో మ్లాడిచ్ సైన్యం ఊళ్ళోకి రాగానే జనం పొటొచారిలోని యూఎన్ స్థావరానికి పరుగెత్తారు. కొన్ని వేల మంది లోపలికి వెళ్ళగలిగారు, అంతకు ఎన్నో రెట్ల మంది గేటు బయటే ఉండిపోయారు. ఆ తర్వాత కొద్ది రోజుల్లో 8 వేల మందికి పైగా మగవాళ్ళని, మగపిల్లల్ని చంపేశారు. ఆయిదా ఆ ఊరి టీచరు, ఇప్పుడు యూఎన్‌లో అనువాదకురాలు. మెడలో ఉన్న ఐడీ కార్డు ఆమెని కాపాడుతుంది. భర్తకీ ఇద్దరు కొడుకులకీ ఆ కార్డు లేదు.

సహాయ సంస్థల మీద వచ్చే సినిమాల్లో హీరో సాధారణంగా సాయం చేయడానికి బయటి నుంచి వచ్చినవాడే. ఫెర్నాండో లియోన్ దె అరనోవా తీసిన ‘ఎ పర్ఫెక్ట్ డే’ (2015) నాకు ఇష్టమైన సినిమా. బాల్కన్ యుద్ధం చివరి రోజుల్లో, ఒక ఊరి బావిలో శవం పడి ఉంటుంది. దాన్ని పైకి లాగడానికి సహాయ కార్యకర్తలు ఒక తాడు కోసం తిరుగుతారు. నవ్విస్తుంది, రూల్స్ ఎంత మూర్ఖంగా పనిచేస్తాయో చూపిస్తుంది. కానీ కెమెరా ఎక్కువసేపు వాళ్ళ జీపులోనే కూర్చుంటుంది. ఊరివాళ్ళు దారిలో తగిలే మనుషులు, అంతే.

జ్బానిచ్ కెమెరా ఆయిదా వెనకాలే పరిగెడుతుంది. అధికారులు ఇంగ్లీషులో చెప్పే భరోసా అబద్ధమని ఆమెకి అనుమానం. అయినా దాన్ని తన భాషలో, తన ఊరివాళ్ళకి, తన గొంతుతో చెప్పాలి. యాస్నా జురిచిచ్ ఆ క్షణాల్లో ఏడవదు. మాట మధ్యలో చిన్నగా ఆగుతుంది, మళ్ళీ మొదలుపెడుతుంది.

ఇక ఆ పది నిమిషాలు. కొన్నేళ్ళ తర్వాత, చలికాలంలో, ఆయిదా ఒంటరిగా తన పాత అపార్ట్‌మెంట్ మెట్లెక్కుతుంది. తలుపు తీసేది వేరే మనిషి. చిన్నపిల్లాడున్న ఒక సెర్బ్ తల్లి. ఆమె మర్యాదగానే ఆయిదా కుటుంబం ఫొటోలు దాచిపెట్టి ఇస్తుంది. ఆయిదా ఇల్లు ఖాళీ చేయమంటుంది. దిగేటప్పుడు అదే మెట్ల మీద ఆమెకి ఎదురయ్యేవాడు, ఆ రోజు స్థావరంలోకి ఆయుధాలతో వచ్చినవాడు.

మొదటిసారి ఈ సీన్‌ని నేను విధి ఆడిన నాటకంలా చూశాను. దాని వెనక ఒక చట్టం ఉందని తర్వాత చదివితే తెలిసింది. 1995 చివర్లో కుదిరిన డేటన్ ఒప్పందంలో ఏడో అనుబంధం ఉంది. యుద్ధంలో చెదిరిపోయిన ప్రతి ఒక్కరికీ తమ సొంత ఇంటికే తిరిగొచ్చే హక్కు ఉందని అది చెబుతుంది. అప్పటికి దేశ జనాభాలో దాదాపు సగం, అంటే 20 లక్షలకు పైగా మనుషులు ఇల్లు వదిలి ఉన్నారు. వాళ్ళ ఇళ్ళని స్థానిక అధికారులు ‘వదిలేసిన ఆస్తి’గా రాసుకుని వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ చట్టాలు రద్దు కావడానికి 1998 దాకా పట్టింది. ఇళ్ళు వెనక్కి ఇవ్వకుండా అడ్డుపడుతున్నారని, ఇంకా ఇలాంటి కారణాలతో 1999 నవంబరులో అంతర్జాతీయ ప్రతినిధి ఒకేరోజు 22 మంది అధికారుల్ని తొలగించాడు. మొత్తం రెండు లక్షలకు పైగా దరఖాస్తులు. చివరికి దాదాపు అన్నీ పరిష్కారమయ్యాయి. 2004లో తిరిగొచ్చినవాళ్ళ లెక్క పది లక్షలకు చేరింది.

నా ఉద్యోగంలో దీన్ని ‘టికెట్ క్లోజ్ అయింది’ అంటాం. డాష్‌బోర్డ్ మీద పచ్చరంగు పడుతుంది. అవతల యూజర్‌కి అప్పటికీ యాప్ తెరుచుకోకపోవచ్చు. అలాంటి టికెట్లు నేనూ కొన్ని మూశాను, అందుకే ఈ లెక్కలు చూస్తే నాకు ఇబ్బందిగా ఉంటుంది. తాళంచెవి చేతికొచ్చాక ఆ ఇల్లు అమ్ముకునో, మార్చుకునో మళ్ళీ వెళ్ళిపోయినవాళ్ళు బోస్నియాలో చాలామందే ఉన్నారు. స్రెబ్రెనిట్సా మునిసిపాలిటీలో 1991లో దాదాపు 36 వేల మంది ఉండేవాళ్ళు. 2013 జనగణనలో 13 వేల చిల్లర. అలాగని ఆ సాయం దండగ అనలేను. ఆ చట్టం లేకపోతే, దాని వెనక పట్టుబట్టినవాళ్ళు లేకపోతే, ‘ఖాళీ చేయండి’ అని ఆయిదా అడగడానికి ఆధారమే ఉండేది కాదు.

సినిమాతో నా పేచీ కూడా ఇక్కడే. తుపాకుల మోతకీ ఆ మెట్లకీ మధ్య ఏళ్ళని ఒక్క కట్‌తో దాటేశారు. దరఖాస్తు ఎవరు రాశారు? ఎన్ని ఆఫీసులు తిప్పించారు? ఆడవాళ్ళు గుంపులుగా, ఏళ్ళతరబడి చేసిన పోరాటం ఒంటరి మనిషి ధైర్యంగా కనబడుతుంది. రెండోది, ఆ ఇంట్లో హంతకుడి కుటుంబాన్నే పెట్టడం. స్రెబ్రెనిట్సా ఇళ్ళలో చేరిన సెర్బుల్లో చాలామంది సరయేవో చుట్టుపక్కల తమ ఇళ్ళు వదులుకుని వచ్చినవాళ్ళు. తలుపు తీసింది అలాంటి మనిషయితే? ఆయిదా హక్కు ఒక్క పిసరు కూడా తగ్గదు. కానీ చూసే మనకి అంత సులువుగా ఉండదు. జ్బానిచ్ ఆ కష్టాన్ని మన మీద పెట్టలేదు.

చివరి సీన్ స్కూల్లో. ఆయిదా మళ్ళీ టీచరు. స్టేజి మీద పిల్లలు చేతులతో కళ్ళు మూసుకుంటూ, తెరుస్తూ ఆడుతుంటారు. ముందు కూర్చున్న తల్లిదండ్రుల్లో ఆ మెట్ల మీది మనిషి కూడా ఉన్నాడు. నా స్నేహితుడు దీన్ని ఆశ అంటాడు. పిల్లల్ని చూపించారు కాబట్టి క్షమ అంటాడు. నాకలా కనిపించలేదు. ఆమె మొహంలో క్షమించిన గుర్తేమీ లేదు. తెల్లగుడ్డల మీద పేర్చిన ఎముకల మధ్య నడిచి, తన పిల్లల్ని గుర్తుపట్టి వచ్చిన మనిషి ఆమె. ఆ ఊళ్ళో తన ఉద్యోగం తనకి కావాలి, తన ఇల్లు తనకి కావాలి. రోజూ వాళ్ళ కళ్ళెదుట తిరగాలి. ‘తిరిగి రావడం’ అన్న మాటకి ఆమె ఇచ్చుకున్న అర్థం ఇంతేనేమో. పది లక్షల లెక్కలో ఆమె ఒక అంకె కావచ్చు, కానీ ఆమె వైపు పని ఇంకా పూర్తికాలేదు.

సినిమా పేరుకి ‘ఎక్కడికి పోతున్నావు, ఆయిదా?’ అని అర్థం. స్నేహితుణ్ణి మళ్ళీ చూడమన్నాను, ఈసారి పిల్లల్ని కాకుండా ఆమె మొహాన్నే చూడమన్నాను. వాడింకా చూడలేదు. మా వాదన అక్కడే ఆగి ఉంది.