తప్పును చూపించే చెక్క

మాంటిస్సోరి అనే పేరు మన కోస్తా ఊళ్లకు కొత్త కాదు. ఏలూరుకు అరవై కిలోమీటర్ల దూరాన విజయవాడలో కోటేశ్వరమ్మ 1955లోనే ఆ పేరుతో బడి పెట్టారు. అంతకుముందే, 1939లో, ఆ పేరుకు మూలమైన విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చారు. ఆమె సిద్ధాంతమంతా ఒక చెక్క దిమ్మలో చూడొచ్చు.

దిమ్మలో వరసగా పది గుంటలు. ఒక్కో గుంటకు సరిగ్గా సరిపోయే ఒక కర్ర బిరడా, దాని నెత్తిన చిన్న బొడిపె. బొడిపెను పట్టాలంటే బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలవాలి. రేపు పెన్సిల్ పట్టేవీ ఆ మూడు వేళ్లే. ఇలాంటి దిమ్మలు నాలుగు. ఒకదానిలో బిరడాల ఎత్తు మారదు, లావు తగ్గుతూ పోతుంది. లావుది సన్న గుంటలో దూరదు. సన్నది లావు గుంటలో దిగి వదులుగా ఊగుతుంది. పట్టించుకోకుండా సాగిపోతే చివర్లో మిగిలిన బిరడాకు గుంట దొరకదు. టీచరు నోరు విప్పక్కర్లేదు. ఇంకో దిమ్మలో లావు ఒకటే, ఎత్తుల్లోనే తేడా. అక్కడ ఏ బిరడా అయినా ఏ గుంటలోనైనా దిగుతుంది, కాకపోతే ఒకటి పైకి పొడుచుకొస్తుంది, ఒకటి లోపలికి కుంగుతుంది. ఆ తప్పును కన్నే పట్టాలి. మిగతా రెండింటిలో లావూ ఎత్తూ రెండూ మారతాయి.

పది పుల్లలిచ్చి పొట్టి నుంచి పొడుగుకు పేర్చమంటే నాలుగేళ్ల పిల్లలు రెండేసి, మూడేసి జతలు కట్టి ఆగిపోతారనీ, మొత్తం వరసను మనసులో ఉంచుకుని పేర్చడం ఏడేళ్ల ప్రాంతంలో వస్తుందనీ మనస్తత్వవేత్త పియాజే చూపించారు. మరి మూడేళ్ల పిల్ల దిమ్మను ఎలా నింపగలుగుతోంది? వరస ఆమె తలలో ఉండక్కర్లేదు, గుంటల్లో ఉంది. ఒంటరిగా చేయలేనిదాన్ని ఆసరాతో చేయగలిగే దశ మీదే మరో మనస్తత్వవేత్త విగోత్‌స్కీ దృష్టి పెట్టారు. ఆయన చెప్పిన ఆసరా మనిషిది, ఇక్కడిది చెక్కది.

కొల్లేటి లంకల అంగన్‌వాడీలో ఈ దిమ్మ లేకపోతే వామనగుంటల పీట పనికొస్తుంది. పద్నాలుగు గుంటలు, గుంటకో చింతపిక్క: లెక్కకు అదే తొలిమెట్టు. అయితే ఆ పీట తప్పును చూపించదు, పక్కన టీచరో నాయనమ్మో ఉండాలి. పిక్కలు ముక్కులో పెట్టుకునే వయసు కాబట్టి ఎలాగూ ఉండాల్సిందే.

దిమ్మ కొనేవారు రంగూ నునుపూ చూసి మోసపోకండి. లావు మారే దిమ్మలో ఒక బిరడా తీసి పక్క గుంటలో పెట్టి చూడండి. కొలత తప్పిన చవక దిమ్మలో అది అక్కడా కుదురుగా కూర్చుంటుంది. అలాంటిది కొనకండి.