ఎండ లెక్క, పాముపొడ లెక్క

టమాటా ఆకు మీద తెల్లటి వంకర గీతలు కనబడగానే మందుల దుకాణం దారి పట్టడం మనకు అలవాటైపోయింది. పాముపొడ అనే ఆ గీతలు గీసేది లిరియోమైజా ట్రైఫోలీ అనే బుల్లి ఈగ పిల్ల. అమెరికా ఖండాల్లో పుట్టి, చామంతి కొమ్మల వెంట దేశాలు దాటి, 1990ల మొదట్లో మన దేశంలో బయటపడింది. దీని వేగాన్ని నిర్ణయించేది ముందుగా వేడి. సెలరీ అనే ఆకుకూర మీద పెంచి చూసినప్పుడు గుడ్డు ఈగగా మారడానికి 15 డిగ్రీల దగ్గర 54 రోజులు, 20 దగ్గర 26 రోజులు పట్టింది. 35 దగ్గర 12 రోజులే. చలికాలంలో ఒక తరం గడిచేలోపు ఎండాకాలంలో రెండు తరాలు వచ్చేస్తాయన్నమాట. బీర, దోస, అలసంద తోటల్లో మార్చి నుంచి గీతలు ఉన్నట్టుండి పెరిగినట్టు అనిపించడానికి కారణం ఇదే.

మరి మే నెల ఎండకు పురుగు మాడిపోదా అంటారు. 40 డిగ్రీలు దాటితే దానికీ కష్టమే. కానీ అది ఉండేది ఆకు రెండు పొరల మధ్య. నీళ్లు అందే మొక్క ఆకు ఆవిరి వదులుతూ చల్లబడుతుంది కనుక బయటి వేడి అంతా పురుగుకు తగలదు. పైగా వేసవి టమాటాకు పేరుపడ్డ మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మైదానాల మంట అక్కడ ఉండదు. వాన సంగతి వేరు. ఎదిగిన పురుగు ఆకు చీల్చుకుని నేల మీద పడి ప్యూపా అవుతుంది; నేల బురదైతే చాలా ప్యూపాలు చచ్చిపోతాయి. ఆకు తడిపి పోయే చిరుజల్లుతో ఆ మేలు జరగదు.

ఇంతవరకూ వాతావరణం పని. పురుగు పెరగడం వేరు, తోట మీద విరుచుకుపడటం వేరు. ఆ రెండోదానికి ఎక్కువసార్లు మన పిచికారీయే కారణమని నా నిశ్చితాభిప్రాయం. హెమిప్టార్సెనస్ వంటి సన్న కందిరీగలు గీతలోని పురుగును కుట్టి, చచ్చుబడేలా చేసి, పక్కనే గుడ్డు పెడతాయి. మందు కొడితే ఆకుపై తిరిగే కందిరీగ చస్తుంది, ఆకులో దాగిన పురుగు చాలావరకు తప్పించుకుంటుంది. అప్పు తెచ్చి సాగు చేసిన రైతు చూస్తూ ఊరుకోలేడన్నది న్యాయమైన మాటే. పాలకూరలో ఆకే సరుకు, నారుమడిలో ఉన్నవే నాలుగు ఆకులు; అక్కడ ఆలస్యం పనికిరాదు, గీతలున్న ఆకులు గిల్లి నాశనం చేయాల్సిందే. ఎదిగిన టమాటా మాత్రం కింది ఆకులు కొన్ని పోయినా కాయను నిలబెట్టుకుంటుంది. పురుగు వెళ్లిపోయాక కూడా గీత చెరగదు కాబట్టి గీతల్ని లెక్కపెట్టి లాభం లేదు. ఈ వారం మందు కొనేముందు తోటలో అక్కడక్కడా ఆకులు కోసి ఎండకు ఎత్తి చూడండి. గీత చివర పసుపుపచ్చ పురుగు కదులుతోందా, గోధుమరంగుకు తిరిగి పడి ఉందా, ఖాళీగా ఉందా చూసుకున్నాకే జేబులో చెయ్యి పెట్టండి.