ముందు ఎర్త్, ఆ తర్వాతే పాట

గోడ సాకెట్టులో పెట్టే మూడు పిన్నుల ప్లగ్గును ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. పైనున్న ఎర్త్ పిన్ను మిగతా రెండింటికన్నా లావుగా ఉంటుంది, పొడవు కూడా ఎక్కువే. లావు వల్ల అది తప్పు రంధ్రంలో దూరదు. పొడవు వల్ల ప్లగ్గు లోపలికి వెళ్లేటప్పుడు అన్నిటికన్నా ముందు తగులుతుంది, బయటికి లాగేటప్పుడు అన్నిటికన్నా చివర విడిపోతుంది. కరెంటు అందే వేళకే రక్షణ సిద్ధంగా ఉంటుందన్నమాట. కొన్ని మిల్లీమీటర్ల ఇత్తడితో ఇంత పని చేయించిన బుద్ధికి నేను ఎప్పుడూ ముచ్చటపడతాను.

సీడీ ప్లేయరునో డీవీడీ ప్లేయరునో ఇంట్లోని యాంప్లిఫయరుకు కలిపేటప్పుడు కూడా పనితనమంతా ఈ వరుసలోనే ఉంది. ఏది ముందు కలవాలి, ఏది చివర మేలుకోవాలి అన్నదే అసలు లెక్క. వరుస తప్పితే దెబ్బ తగిలేది ఎక్కువగా స్పీకర్లకే.

ఎరుపు, తెలుపు రంగుల ఆర్‌సీఏ పిన్నులు మనందరికీ తెలిసినవే. ఎరుపు కుడి స్పీకరుకు, తెలుపు ఎడమకు. 1930లలో రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, గ్రామఫోనును రేడియోకు కలపడానికి దీన్ని తెచ్చింది. పెద్ద చెక్కపెట్టె లోపల ఒకసారి గుచ్చి వదిలేసే పిన్ను అది; మాటిమాటికీ పీకి పెట్టే అవసరం రాదనుకున్నారు. చవకగా తయారవుతుంది, గట్టిగా పట్టుకుంటుంది కాబట్టి దశాబ్దాల తరబడి నిలిచింది. కానీ దాని రూపంలో ఒక లోటు ఉంది. నడిమి పుల్ల, చుట్టూ ఉన్న లోహపు అంచుకన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అంటే సిగ్నల్ ముందు కలుస్తుంది, గ్రౌండ్ తర్వాత కలుస్తుంది. గోడ ప్లగ్గుకు సరిగ్గా తలకిందులు. ఆ మధ్య క్షణంలో రెండు పరికరాల మధ్యనున్న వోల్టేజీ తేడా నేరుగా యాంపు ఇన్‌పుట్‌లోకి వెళ్తుంది. యాంపు ఆన్‌లో ఉండి వాల్యూమ్ పెంచి ఉంటే స్పీకర్ల నుంచి వచ్చే ఆ బర్రుమనే మోత ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు.

ఈ లోటును సరిచేసిన పిన్ను ఒకటి ఉంది. లీక్టెన్‌స్టైన్ అనే చిన్న దేశంలోని న్యూట్రిక్ కంపెనీ చేసిన ‘ప్రోఫై’ పిన్ను అది. దాని బయటి గ్రౌండ్ తొడుగు స్ప్రింగు మీద నిలబడి, నడిమి పుల్లకన్నా ముందుకు ఉంటుంది. సాకెట్టును ముందు తాకేది ఆ తొడుగే. ఇంకాస్త నొక్కితే స్ప్రింగు వెనక్కి తగ్గి, అప్పుడు పుల్ల లోపలికి దిగుతుంది. లాగేటప్పుడు పుల్ల ముందు విడిపోతుంది, గ్రౌండ్ చివరిదాకా పట్టుకునే ఉంటుంది. పాత సాకెట్టును మార్చమనకుండా, ప్రపంచమంతా ఉన్న కోట్ల పరికరాలకు సరిపోయేలా పిన్నులోనే మందు పెట్టారు. కనెక్టర్లలో ఇంత పొందికైన పని తక్కువ.

అందరం ఆ పిన్ను కొనలేం. మామూలు పిన్ను ఉన్నవాళ్లకు తేలికైన దారి ఉంది: కలిపేటప్పుడు ప్లేయరు, యాంపు రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసేయడం. స్విచ్ ఆపితే చాలదా అనిపించవచ్చు; చాలదు. చాలా ప్లేయర్లు రెండు పిన్నుల తీగతోనే వస్తాయి. వెనక చతురస్రంలో ఇంకో చతురస్రం గీసిన గుర్తు ఉంటుంది. రెండు పొరల ఇన్సులేషన్ ఉంది, ఎర్త్ అక్కర్లేదని దాని అర్థం. అయినా లోపలి చిన్న కెపాసిటర్ల గుండా కొద్దిపాటి లీకేజీ బయటి లోహానికి చేరుతుంది. ప్లగ్గు పెట్టి ఉన్న ప్లేయరు పిన్నును ఒక చేత్తో, యాంపు బాడీని ఇంకో చేత్తో తాకితే చిన్న జివ్వుమనడం దాని వల్లనే. మనిషికి అది సాధారణంగా ప్రమాదం కాదు గానీ సున్నితమైన ఇన్‌పుట్ చిప్పుకు మంచిది కాదు.

ఇక ప్లేయరు లోపలి పనికి వద్దాం. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకునేది మ్యూటింగ్ సర్క్యూట్. పవర్ అందిన తొలి క్షణాల్లో అవుట్‌పుట్ నిలకడగా ఉండదు. అప్పుడు బయటికొచ్చేది పాట కాదు, ఒక తోపు. అందుకని అవుట్‌పుట్ తీగను గ్రౌండ్‌కు కలిపి ఉంచే ఒక రిలేనో ట్రాన్సిస్టరో పెడతారు. అంతా కుదుటపడ్డాక అది తప్పుకుంటుంది. పవర్ పోయేటప్పుడు చేసే పని ఇంకా కష్టం. కరెంటు పోయిందని పసిగట్టి, కెపాసిటర్లలో మిగిలిన కాస్త చార్జి అయిపోకముందే మళ్లీ తలుపు మూసేయాలి. ఆరిపోతున్న వోల్టేజీతోనే ఈ ఆఖరి పని చక్కబెట్టేస్తుంది. బాగా కట్టిన ప్లేయరు ప్లగ్గును హఠాత్తుగా పీకేసినా స్పీకర్లలో చప్పుడు రాదు.

యాంపులో కూడా ఇలాంటి కాపలాదారు ఉంటాడు. ఆన్ చేసిన కొద్ది సెకన్లకు ‘టిక్’మని వినిపించేది స్పీకర్ రిలే. చాలా పాత యాంపుల్లో దాన్ని నడిపేది ఎన్ఈసీ వారి యూపీసీ 1237 అనే ఎనిమిది కాళ్ల చిప్పు. ఆన్ చేశాక కాస్త ఆగి స్పీకర్లను కలపడం, ఆపగానే విడదీయడం, అవుట్‌పుట్‌లో డీసీ కనబడితే వెంటనే తెంచేయడం, ఈ మూడూ అదే చూసుకుంటుంది. డీసీ ఆగకుండా వెళ్తే స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

ఈ కాపలాను నమ్ముకుంటూనే మన వంతు వరుసా పాటించాలి. వాల్యూమ్ సున్నాకు తిప్పి, ముందు ప్లేయరు, చివర యాంపు ఆన్ చేయాలి. ఆపేటప్పుడు ముందు యాంపు, తర్వాత ప్లేయరు. వచ్చిన ప్రతి చప్పుడునూ పెంచి పంపేది యాంపే కనుక అది అందరికన్నా ఆలస్యంగా మేలుకోవాలి, అందరికన్నా ముందు నిద్రపోవాలి.

ఏ రంధ్రంలో గుచ్చాలన్నది ఇంకో సంగతి. సీడీ ప్లేయరు ఇచ్చే గరిష్ఠ సిగ్నల్ సుమారు 2 వోల్టులు. యాంపు వెనక ‘సీడీ’, ‘ఆక్స్’, ‘లైన్’ అని రాసిన వాటిలో ఏదైనా దానికి సరిపోతుంది. ‘ఫోనో’ అన్నది మాత్రం పనికిరాదు. అది రికార్డు ప్లేయరు ముల్లు నుంచి వచ్చే 5 మిల్లీవోల్టుల కోసం చేసింది. మన ప్లేయరు దానికి 400 రెట్లు ఎక్కువ పంపుతుంది. పైగా ఫోనో సర్క్యూట్ లోతైన స్వరాలను సుమారు 20 డెసిబెల్స్ పెంచుతుంది. పాట చితికిపోవడమే కాదు, స్పీకర్లకూ ముప్పే. పాత యాంపుల్లో లైన్ ఇన్‌పుట్‌కు 150 మిల్లీవోల్టులతోనే పూర్తి బలం వచ్చేస్తుంది కాబట్టి, రేడియో నుంచి సీడీకి మార్చే ముందు కూడా వాల్యూమ్ తగ్గించాలి.

అమెరికా నుంచి ప్లేయరు తెచ్చుకునేవాళ్లు మన తెలుగిళ్లలో చాలామంది ఉన్నారు. వెనక 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టుల సాకెట్టుకు అది నేరుగా తగలకూడదు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పదు.

అన్నీ సరిగా కలిపాక కూడా కొన్ని ఇళ్లలో గుయ్యిమనే హమ్ వస్తుంది. ప్లేయరు టీవీకి, యాంపుకు రెండింటికీ కలిసి ఉండి, కేబుల్ టీవీ తీగ ద్వారా ఇంకో ఎర్త్ వచ్చి చేరితే గ్రౌండ్ లూప్ ఏర్పడుతుంది. దీనికి మందు కూడా ఒక చక్కటి పనితనమే. 1983లో తోషిబా తెచ్చిన ఆప్టికల్ తీగలో రాగి లేదు. సన్నని ప్లాస్టిక్ దారంలో ఎర్రటి వెలుగుగా సిగ్నల్ వెళ్తుంది. రెండు పరికరాల మధ్య విద్యుత్ సంబంధమే ఉండదు కాబట్టి ఆ దారిలో లూప్ కూడా ఉండదు. రెండింటికీ ఆ సాకెట్టు ఉంటే, కొనల మీది ప్లాస్టిక్ టోపీలు తీసి గుచ్చడమే.

హమ్ పోవాలని యాంపు ప్లగ్గు ఎర్త్ పిన్నును విరిచేసేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. లోపల కరెంటు తీగ ఊడి బాడీకి తగిలితే యాంపు ఒంటి మీదికి 230 వోల్టులు వస్తాయి, ఆర్‌సీఏ తీగ ద్వారా ప్లేయరు మీదికీ పాకుతాయి. కొన్ని పాత ఇళ్లలో సాకెట్టుకు ఎర్త్ రంధ్రం ఉంటుంది గానీ వెనక తీగ ఉండదు. మీ ఇంట్లో అది నిజంగా పనిచేస్తోందో లేదో, యాంపు పెట్టే ముందే ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి.