కొండవాలున విడిది

ఇండ్ల పటములు చదువుట నాకు చిరకాలపు అభ్యాసము. పటము చేతికి వచ్చిన తోడనే వాకిట ప్రవేశించి, గదినుండి గదికి సాగుచు, వెలుతురు ఎటనుండి వచ్చునో, వాననీరు ఎటు పోవునో వెదకుచుందును. ఇటీవల నా బల్లపై ఎక్కువకాలము నిలిచినది బ్రెజిల్ దేశపు పటము. సావో పౌలో రాష్ట్రమున, గ్వరుజా సముద్రతీరమున, దట్టమైన వర్షారణ్యము పెరిగిన కొండవాలుపై, మార్సియో కోగన్ అను వాస్తుశిల్పి తన బృందముతో రూపొందించి 2015లో పూర్తిచేసిన 'అడవి ఇల్లు' అది.

మన ఇండ్లలో కూర్చుండు చావడియు వంటయిల్లును క్రిందను, పడకగదులు మేడమీదను ఉండుట వాడుక. ఇచట ఆ క్రమము తారుమారైనది: పడకగదులు నడిమి అంతస్తునను, చావడి, వంటయిల్లు, ఈతకొలను అన్నిటికి పైనను అమరినవి. దీనికి కారణము అడవి స్వభావముననే కలదు. వర్షారణ్యమున చెట్ల తలలు ఒకదానితోనొకటి కలిసి, సూర్యకాంతిని తామే గ్రహించుటచే, నేలకు దిగు వెలుగు నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించదు. కావున నిద్రకు ఆకుల నడిమి చల్లని నీడను, పగటి సహవాసమునకు కొమ్మలపైని ఆకాశమును సముద్రమును కేటాయించుట ఎంతయు ఉచితము. పడకగదుల ముందు చిన్న వసారాలు, వాటిలో వల ఉయ్యెలలు. సన్నని కొయ్యబద్దలతో కూర్చిన తెరలు మూసినపుడు ఎండను వడగట్టునుగాని గాలిని నిలుపవు. పూతలేని కాంక్రీటుపై సెంట్రింగు పలకల కొయ్యచారలు స్పష్టముగ అచ్చుపడియున్నవి.

నా మనస్సును మిక్కిలి ఆకర్షించినది మాత్రము ఇంటి అడుగు. ముందుభాగము నేలను విడిచి స్తంభములపై నిలువగా, మొక్కలు దాని క్రిందికిని ప్రాకుచున్నవి. ఈ మర్యాద ఆ దేశమున క్రొత్తది కాదు: రియో డి జనీరో కొండలలో వాస్తుశిల్పి ఆస్కార్ నీమేయర్ తనకై నిర్మించుకొని 1953లో ముగించిన ఇంటిలో, అచట మొదటినుండి యున్న పెనుబండను పగులగొట్టింపక, కొంత ఇంటిలోనికి, కొంత కొలనులోనికి వచ్చునట్లు నిలిపి, దాని చెంతనే నివాసమును మలచెను.

ఇది కేవలము సౌందర్యదృష్టి యని తలపరాదు. గ్వరుజా తీరపు కొండలపై మట్టిపొర పలుచన. చెట్ల వేళ్ళే దానిని పట్టి యుంచును. వాలును నిలువుగ కోసి చదునుచేసినచో, వాననీరు చొరబడి బరువెక్కిన మట్టి జారును. 2023 ఫిబ్రవరిలో, గ్వరుజాకు పొరుగుననున్న బెర్తియోగాలో ఒక్క దినమున 680 మిల్లీమీటర్లకు మించి వర్షము కురియగా, ఆ తీరమున కొండచరియలు విరిగిపడి అరువదిమందికి పైగా మరణించిరి. సముద్రపుటొడ్డున విడిదులుండగా, వాటి వెనుక వాలున గుడిసెలు వేసికొన్న శ్రామికులే ఆ విపత్తున అధికముగ నష్టపోయిరి. ఆ వాలులను కప్పిన అట్లాంటిక్ వర్షారణ్యమున నేడు మిగిలినది పూర్వపు విస్తీర్ణమున ఇంచుమించు ఎనిమిదవ వంతు మాత్రమే. దాని రక్షణకై బ్రెజిల్ 2006లో ప్రత్యేక శాసనమును గావించెను.

సంవత్సరము పొడవున నివసించు ఇంటికంటె, సెలవులలో కొలది దినములు గడుపు ఇల్లు నేలకు ఎక్కువ ఋణపడియుండునని నా నిశ్చితాభిప్రాయము; ఏలయన అవసరమును బట్టి కట్టినవాని తప్పునకు కొంత మన్నన కలదు, ఆహ్లాదమునకై కట్టినవానికి అదియు లేదు. కోగన్ పనితనమును నేను మెచ్చుట ఆ కొయ్యతెరలకు, ఆ కొలనునకు కాదు, కొండను కోయకుండ ఇంటినే పైకెత్తిన వినయమునకు.

అరకులోనైనను, మారేడుమిల్లిలోనైనను కొండవాలున విడిది కట్టదలచిన మన వారికి నా విన్నపమిదియే: ముందుగ ఒక వర్షకాలము ఆ స్థలమున నీరు పారు దారులను చూడుడు, ఉన్న చెట్లనన్నిటిని పటమున గుర్తింపుడు, ఆ పిదపనే మేస్త్రీని పిలువుడు.