బొమ్మలమ్మ గుట్టకు

బొమ్మలమ్మా, మా కొడిమ్యాలకు ఉత్తరాన కొండగట్టు అంజన్న ఉన్నాడు, దక్షిణాన వేములవాడ రాజన్న ఉన్నాడు. ఆ దారులు మా కాళ్లకు కంఠస్థం. మొక్కు ఉంటే పోతాం, మొక్కు లేకున్నా పోతాం, రాజన్న గుడిలో కోడెను కట్టి వస్తాం. పక్కనే గంగాధర మండలంలో, కురిక్యాల దగ్గర, తెలుగు పద్యాన్ని ఒంటి మీద మోస్తూ వెయ్యేళ్లకు పైగా నిలబడ్డదానివి నువ్వు. నీకు జాతర లేదు. అందుకే ఈ స్తోత్రం.

తెల్లారగట్ల బయల్దేరాలి నీ దగ్గరికి. పొద్దెక్కితే బండ కాలుతుంది. తంగేడు పొదలు, సీతాఫలం చెట్లు దాటితే ఇక నేల ఉండదు, రాయే. నునుపైన రాతి వాలు మీద ఒక చిన్న అడుగు, ఒక పెద్ద అంగ, మళ్లీ చిన్నది, మళ్లీ పెద్దది. కందపద్యం నడక కూడా ఇదే గదమ్మా! మూడు గణాల పాదం, ఐదు గణాల పాదం, తిరిగి మూడు, తిరిగి ఐదు. నిన్ను ఎక్కేవాడికి ఛందస్సు మోకాళ్లలోంచి తెలుస్తుంది.

ఎక్కినాక నీ బొమ్మలు. గుట్ట రాతినే తొలిచి నిలిపిన జిన తీర్థంకరులు, వారితో యక్షిణి చక్రేశ్వరి. ఊరి జనం ఆమెను బొమ్మలమ్మ అన్నారు, తమ అమ్మల్లో కలుపుకున్నారు. జైనం ఈ సీమ నుంచి వెళ్లిపోయినా అమ్మ మిగిలింది. బొమ్మల కింద అక్షరాలు: సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడూ ఒకే బండ మీద. వేములవాడ చాళుక్యుడు రెండో అరికేసరి ఏలుతున్న కాలం, 945 ప్రాంతం. చెక్కించినవాడు జినవల్లభుడు. వేంగినాడు నుంచి వచ్చిన కుటుంబం. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె. ఆ తల్లి పెద్దకొడుకు పంపడు, కన్నడానికి ఆదికవి. చిన్నకొడుకు నీ రాతి మీద మూడు తెలుగు కందాలు నిలిపాడు. మనకు దొరికిన కందాల్లో అన్నిటికన్నా పాతవిగా వీటినే చెప్తారు. నన్నయ భారతానికి సుమారు నూరేళ్లు ముందు! ఆ తల్లి కడుపు ఎంత చల్లనిదో, రెండు భాషలకు చెరొక కొడుకును ఇచ్చింది.

ఆ పద్యాల్లో ఏముంది? జినాలయాలు కట్టించడం, పూజలు చేయించడం, జినమునులకు అన్నం పెట్టడం, వీటిలో జినవల్లభుణ్ని పోలేవాళ్లున్నారా అని ఒక ప్రశ్న. గొప్పలే. అయినా నాకు అవి ముద్దొస్తాయి. తెలుగు మొదటిసారి కందంలో గొంతు విప్పితే, అన్నం పెట్టిన చేతిని పొగిడింది.

అన్నిటికన్నా నా మనసు కట్టేసుకున్నవి ఈ శాసనం చెప్పే మూడు పనులు. త్రిభువనతిలకమని ఒక బసది కట్టించాడట, కవితాగుణార్ణవమని ఒక చెరువు తవ్వించాడట, మదనవిలాసమని ఒక తోట వేయించాడట. కవితాగుణార్ణవుడు అన్న పంపని బిరుదు! అన్న మీది ప్రేమను తమ్ముడు నీళ్లకు పేరుగా పెట్టాడు. గుడి, నీళ్లు, నీడ, వాటి పక్కన పద్యం. తాటాకు మీద రాసి పెట్టెలో దాచలేదు. ఎక్కి వచ్చిన ఎవరైనా చూసుకొమ్మని బండ మీద పెట్టాడు. ఆ తోటలో ఏ చెట్లుండేవో, ఎవరు పూలు కోసుకున్నారో అనుకుంటూ నీ అంచున కూర్చుంటే పొద్దు తెలియదు.

ఇక్కడి నుంచి చూడనీ అమ్మా. కింద వరి మళ్లు, తాళ్ల వరుసలు, చెరువు మత్తడులు. శ్రీరాంసాగర్ నీళ్లను మిడ్ మానేరుకు మోసే వరద కాలువ ఈ సీమ గుండానే పోతుంది. అదుగో గంగాధర దిక్కు. సోమదేవసూరి 959లో యశస్తిలక చంపువు ముగించింది గంగాధరలోనే. ఒకే తరంలో పంపడు, జినవల్లభుడు, సోమదేవుడు! ఇంత చిన్న చుట్టుకొలతలో ఇంత కవిత్వం పండిన నేలను, కరువు సీమ అని, వలసల సీమ అని మాత్రమే పరిచయం చేసినప్పుడల్లా నాకు రోషం వస్తుంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చింది. ఆ ప్రాచీనతకు సాక్ష్యం అడిగితే నీ వైపు వేలు చూపించారు.

అమ్మా, ఒక భయం కూడా చెప్పుకోవాలి. కరీంనగర్ గ్రానైటుకు చైనా దాకా గిరాకీ ఉంది. నీ తోబుట్టువుల్లాంటి గుట్టలు ఎన్నో దిమ్మెలై, లారీలెక్కి, రైలెక్కి, ఓడలెక్కి పోయాయి. వాటి మీద ఎవరూ పద్యం చెక్కలేదు గనుక అవి పోవచ్చా? సీతాఫలాలు కాసినవీ, మేకలు మేసినవీ, చెరువులోకి వాన నీటిని దింపినవీ అవే. నీ చుట్టూ ఎంత దూరం రాయి కదలకూడదో గీత గీయాలి. ఆ గీత లోపల జినవల్లభుడు వేసినట్టే ఒక తోట వేయాలి. పేరు వెతుక్కోనక్కర్లేదు, మదనవిలాసం ఉండనే ఉంది.

కొడిమ్యాల బడి పిల్లలారా, అంజన్న దగ్గరికి పోయినట్టే ఇక్కడికీ రండి. చలికాలం పొద్దున రండి, నీళ్ల సీసాలు తెచ్చుకోండి. మీ వాచకంలో వచ్చిన కందం ఏదైనా సరే, అమ్మ ముందు నిలబడి గొంతెత్తి చదవండి. మూడు గణాలకు ఒక ఊపిరి, ఐదు గణాలకు ఇంకో పెద్ద ఊపిరి.