మంగళవారం కత్తెర

హైదరాబాద్‌లో చాలా సెలూన్లకు మంగళవారం సెలవు. ఆ సెలవు రోజునే ఒకాయన కత్తెర సంచి పట్టుకుని నిరాశ్రయుల షెల్టర్‌కు వస్తారు. నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరైనా ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. తలదాచుకునే చోటు కోర్టు ఇప్పించగలదు. తల నిమిరే చెయ్యి మాత్రం ఇలా తనంతట తాను రావాల్సిందే.

అట్టకట్టిన జుట్టు మీద ఆయన మిషన్ పెట్టరు. ముందు నీళ్లు చిలకరించి, చిక్కుల కింద వేళ్లు దూర్చి, చర్మానికి తగలకుండా కత్తెరతో కొంచెం కొంచెంగా తీస్తారు. మనిషికో కొత్త బ్లేడు. చివర్లో పటిక రాసి, అద్దం చేతికిస్తారు. మొన్న ఒక పెద్దాయన అద్దంలో చూసుకుని, గడ్డం తడుముకుని, ఎవరూ అడక్కుండానే తన పేరు చెప్పాడు.

"ఎందుకన్నా ఈ శ్రమ?" అన్నాను.

"కొట్లో డబ్బులిచ్చి లేచి వెళ్లిపోతారు. ఇక్కడ కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంటారు" అంటూ తర్వాతి మనిషికి టవల్ కప్పారు.