గుప్పెడు బిళ్లల లెక్క

పాల్కురికి సోమన పుట్టిన ఊరుగా పేరున్న పాలకుర్తిలో, గుట్ట మీది సోమేశ్వరుని సన్నిధిలో, హుండీలో పడే బిళ్లల చప్పుడు వింటే నాకు లెక్కల సారు గుర్తొస్తారు. హుండీ లెక్కించేవాళ్లు బిళ్లలను వేరుచేసి కుప్పలు పోస్తారు. సారు మాత్రం కుప్పను ముట్టకుండానే వేరుచేసేవారు.

రెండు రూపాయలవి, ఐదు రూపాయలవి కలిపి 100 బిళ్లలు. మొత్తం 320 రూపాయలు. ఏవి ఎన్ని? పదో తరగతిలో x + y = 100, 2x + 5y = 320 అని రాస్తాం. సారు ముందు నోటితో చేయించేవారు: "అన్నీ రెండు రూపాయలవే అనుకోండి, 200 అవుతాయి. ఇంకా 120 కావాలి. ఒక్కో బిళ్లను ఐదుకి మారిస్తే 3 పెరుగుతుంది. 120ని 3తో భాగిస్తే 40." అంటే ఐదువి 40, రెండువి 60. సరిచూస్తే 200, 120 కలిసి 320.

సమీకరణం చేసేదీ ఇదే: మొదటిదాన్ని రెండింతలు చేసి రెండోదాంట్లోంచి తీసేస్తే 3y = 120 మిగులుతుంది. సమీకరణాన్ని ఇలా మాటల్లోకి దించడం మనకు కొత్త కాదు: మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను మన మాటల్లో చెప్పే ఆ విద్యనే మా సారు నల్లబల్ల ముందు నిలబెట్టారు. తెలియనివి రెండైతే తెలిసిన మాటలు రెండు చాలన్న ధైర్యం ఆయన ఇచ్చిందే.